పేరు మధ్యలో ఖాళీ

నూజివీడు,
19 జనవరి 2025.

గౌరవనీయులైన తాడివాక రాజ్యలక్ష్మి గారికి,

నమస్కారాలు. మీరు నన్నెరగరు. నా పేరు బసవపున్నారావు. ఇక్కడ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా ముప్పై ఎనిమిదేళ్ళు దస్తావేజులు రాశాను. ఇప్పుడు అన్నీ కంప్యూటర్లో కొడుతున్నారు. వేలిముద్రలు కూడా గాజుబిళ్ళ మీద పెట్టిస్తున్నారు. నా దస్తూరితో ఎవరికీ పని లేకుండా పోయింది. ఊరికే కూర్చోలేక పోయిన ఏడాది నుంచి సంగీత విద్వాంసుల సంతకాలు పోగుచేస్తున్నాను. ఇప్పటికి ఏడొచ్చాయి. వాటిలో రెండు దొంగవని తేలింది కాబట్టి అయిదు అనుకోండి.

ఎనిమిదోది మీ నాన్నగారు, నాదస్వర విద్వాన్ వీరరాఘవయ్య గారి సంతకం. 1974 మే నెలలో ముసునూరులో మాకు తెలిసిన నాగేశ్వరమ్మ గారనే పెద్దావిడ పెళ్ళి వాళ్ళ మామిడితోటలోనే జరిగింది. మీ నాన్నగారి మేళం. ఆవిడ పెళ్ళి శుభలేఖ వెనకవైపు ఈ సంతకం ఉంది. పట్టుచీరల పెట్టెలో యాభై ఏళ్ళు దాచుకుని, "నీకు పిచ్చి పట్టిందట కదా బాబూ, నువ్వే ఉంచుకో" అని నా చేతిలో పెట్టారు. సంతకం ఆయన స్వయంగా ఇచ్చారని ఆవిడ మాట.

ఆవిడ అబద్ధమాడే మనిషి కాదు. కానీ నా వృత్తిలో ఎదురుగా నిలబడ్డ మనిషి తన పేరు తను చెప్పినా సాక్షిని అడిగేవాళ్ళం. మీ నాన్నగారి సంతకాలు మొత్తం పది కూడా లేవంటున్నారు. మీ ఊళ్ళో శతజయంతి కమిటీవాళ్ళు ఈ అడ్రసు ఇచ్చారు, ఫోను నంబరు మాత్రం మీరు ఇవ్వనివ్వలేదట. నమూనాకి ఆయన సంతకం ఒకటి పంపగలరా? నా అనుమానం మీ మీద కాదు, కాగితం మీద.

ఇట్లు,
బసవపున్నారావు


రేపల్లె,
2 ఫిబ్రవరి 2025.

బసవపున్నారావు గారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది. ముప్పై మూడేళ్ళు తెలుగు టీచరుగా చేసినదాన్ని కాబట్టి మీ అక్షరాలు చూసి సంతోషించాను. మిగతా విషయానికి సంతోషించలేదు.

మా నాన్నగారు వీరరాఘవయ్య గారు సంతకాల మనిషి కాదు. కచేరీ అయ్యాక జనం పుస్తకాలు పట్టుకుని చుట్టూ చేరితే లేచి వెళ్ళిపోయేవారు. పెళ్ళిసందడిలో ఎవరో సరదాకి ఆయన పేరు రాసి ఉంటారు. మీరు చెప్పిన ఆ రెండు దొంగ సంతకాల పక్కన దీన్నీ పెట్టేసుకుంటే మీకూ నాకూ శ్రమ తప్పుతుంది.

నమూనా పంపను. అది చేతికొస్తే చూసి మరో పది పుట్టించడం ఎంతసేపు? మీరలాంటివారని అనడం లేదు. మీరెలాంటివారో నాకు తెలియదు, అంతే.

ఇట్లు,
తాడివాక రాజ్యలక్ష్మి


నూజివీడు,
20 ఫిబ్రవరి 2025.

రాజ్యలక్ష్మి గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివి మా అమ్మాయి సింధూర, "నాన్నా, నీకు తగ్గ మనిషి దొరికింది" అని నవ్వింది. తను ఇక్కడ కాలేజీ లైబ్రరీలో పనిచేస్తుంది. తనే లేకపోతే ఆ శుభలేఖని ఈపాటికి లామినేషన్ చేయించి పారేసేవాణ్ణి. పట్టాదారు పుస్తకం నుంచి రేషన్ కార్డు దాకా మాకు అదే కదా అలవాటు. అలా చేస్తే ప్లాస్టిక్ లోపల కాగితం ఉడికి చస్తుందట. ఇప్పుడు ఆమ్లం లేని కాగితపు మడతలో, చెక్క బీరువాలో, గోడకి తగలకుండా ఉంచాను.

మీరు దొంగదన్నారు కాబట్టి జిరాక్సు పంపడానికి అభ్యంతరం లేదు. దీంతోపాటే ఉంది, చూడండి. నాకు రెండు చోట్ల తేడాగా ఉంది. ఒకటి, పేరు ఒక్క ఊపులో రాయలేదు. "వీర" అని రాసి, బొటనవేలి వెడల్పున ఖాళీ వదిలి, "రాఘవయ్య" అని రాశారు. తన పేరు తను రాసుకునేవాడు మధ్యలో ఎందుకు ఆగుతాడు? చూసి దించేవాడే అలా ఆగుతాడు. రెండు, సరిగ్గా ఆ ఖాళీలోనే గోధుమరంగు మరక ఉంది. శుభలేఖకి రాసిన పసుపు కాదు, పసుపు మూలల్లో వేరే ఉంది. ఆ మరకలో ఏటవాలుగా సన్నటి తెల్ల గీత కూడా ఉంది, కాగితం మడత అనుకుంటాను. తప్పు రాసి, దాన్ని దేంతోనో తుడిచేసిన గుర్తేమో అని నా అనుమానం.

ఇక్కడ మామిడి పూత బాగా నిలిచింది. మంచు పడకుండా ఉంటే చాలు.

ఇట్లు,
బసవపున్నారావు


రేపల్లె,
9 మార్చి 2025.

బసవపున్నారావు గారికి,

నమస్కారం. నాకు మణికట్టు నొప్పిగా ఉండి, ఈ ఉత్తరం మా పక్కింటి మెర్సీ చేత రాయిస్తున్నాను.

మీ జిరాక్సు చూశాను. పోయినసారి తొందరపడి రాశాను. ఆ శుభలేఖ నాన్నగారిదే, సందేహం లేదు. దయచేసి అసలు కాగితాన్ని నాకు రిజిస్టరు పోస్టులో పంపండి. వారం ఉంచుకుని తిప్పి పంపుతాను. ఆ మరక జోలికి మాత్రం ఎవరినీ వెళ్ళనివ్వకండి. తడి తగలనివ్వకండి, ఎండలో పెట్టకండి, రబ్బరుతో రుద్దకండి.

ఎందుకని అడగవద్దు. చెప్పగలిగినదైతే మీరు అడగకముందే చెప్పేదాన్ని.

ఇట్లు,
రాజ్యలక్ష్మి


నూజివీడు,
24 మార్చి 2025.

రాజ్యలక్ష్మి గారికి,

నమస్కారాలు. కాస్త కటువుగా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. అనుకున్నా రాయక తప్పదు.

చూడకముందు దొంగదన్నారు. జిరాక్సు చూడగానే అసలుదన్నారు. అసలుదైతే నా చేతిలోంచి మీ చేతిలోకి రావాలన్నారు. మొదటి ఉత్తరం సొంత చేత్తో రాశారు, రెండోదానికి మణికట్టు నొప్పి వచ్చింది. చేతిరాత పోల్చి చూస్తామని తెలిసి, ఉన్నట్టుండి వేరేవాళ్ళ చేత రాయించేవాళ్ళని నేను చాలామందిని చూశాను. చాలా కేసుల్లో సాక్ష్యం కూడా చెప్పాను.

మీ మొదటి ఉత్తరంలో మీ నాన్నగారి పేరుంది. దాన్ని శుభలేఖ పక్కన పెట్టి భూతద్దంతో చూశాను. "ఘ" పొట్టలో మెలిక ఒకటే. "య్య" వత్తు తోక లోపలికి తిరిగి పైకి లేవడం ఒకటే. కమిటీవాళ్ళు ఈమధ్యే నాకు పంపిన కరపత్రం మీద మీ నాన్నగారి సంతకమని అచ్చువేశారు, ఆగస్టులో వచ్చే పుస్తకం అట్టమీద కూడా అదే వేస్తారట. అదీ మీ చెయ్యే. శుభలేఖ మీది అక్షరం కాస్త పసిగా ఉంది, కరపత్రం మీదిది ముదిరింది. చెయ్యి మాత్రం ఒక్కటే.

ఈ సంతకాలన్నీ మీరే పుట్టించారని నాకు తోస్తోంది. ఎందుకు పుట్టించారో మాత్రం ఎంత ఆలోచించినా అందడం లేదు. మీరు వాటిని అమ్ముకోలేదు, ఎక్కడా గొప్పగా చూపించుకోలేదు. నమూనా పంపమంటే కూడా పంపలేదు. దొంగసొత్తుని ఇంత దాచిపెట్టే దొంగని నేను చూడలేదు.

ఏమైనా, నా అయిదింటిలోకి మరో దొంగదాన్ని రానివ్వను. విజయవాడలో ఫణి అని పాత కాగితాలు బాగుచేసే ఆయన ఉన్నారు. ఆ మరకలో ఆమ్లం ఉందని, వదిలేస్తే కాగితం తినేస్తుందని, మందుతో తీసేస్తే కింద ఏముందో కూడా బయటపడుతుందని చెప్పారు. ఏప్రిల్ 16న ఇస్తానని మాటిచ్చాను. ఆ తర్వాత చేతిరాత నిపుణుడికి చూపించి, కమిటీకి రాస్తాను. ఉత్తరం రాసి పెట్టుకున్నాను, పోస్టు చెయ్యడమే తరువాయి. ఆలోగా మీరేదైనా చెబితే వింటాను.

ఇట్లు,
బసవపున్నారావు


రేపల్లె,
12 ఏప్రిల్ 2025.

బసవపున్నారావు గారికి,

మణికట్టుకి ఏమీ కాలేదు. ఇది నా చెయ్యే. మీ ఉత్తరం చేరి పది రోజులైంది. ఈ పది రోజులూ రాసి చించుతూనే ఉన్నాను. ఇక మీరు ఆ మరక తీసేస్తారన్న భయం నాన్నగారికిచ్చిన మాటకంటే పెద్దదైపోయింది.

మా నాన్నగారికి రాయడం రాదు. చదవడమూ రాదు. ఏడో ఏట సన్నాయి చేతికిచ్చారు, పలక ఇవ్వలేదు. బిరుదు ఇచ్చినవాళ్ళు సన్మానపత్రం చేతికిస్తే దాన్ని కళ్ళకద్దుకుని నాకిచ్చేవారు. తలకిందులుగా పట్టుకుంటానేమోనని ఆయన భయం. సంతకం అడిగితే లేచి వెళ్ళిపోవడం అందుకే. జనం దాన్ని విద్వత్తు గర్వం అన్నారు. ఆయన దాన్నే ఒప్పుకున్నారు, ఆ మాట తనకి మేలైనట్టు.

కాదనలేనివాళ్ళు అడిగినప్పుడు పుస్తకం లోపలికి తెప్పించి నా చేత రాయించేవారు. మీరు పది కూడా లేవన్న ఆ సంతకాలన్నీ నేను రాసినవే. మీ భూతద్దం నిజమే చెప్పింది. నేను దొంగనే.

కానీ శుభలేఖ సంగతి వేరు. నాకప్పుడు పదమూడేళ్ళు. మేళంతో నేనూ ముసునూరు వచ్చాను. పొద్దున నాన్నగారు తోటలో తిరుగుతూ ఒక చిన్నరసం కాయ తనే తెంపారు. తొడిమ దగ్గర సొన కారి చేతికంటుకుంది. కడుక్కోమంటే, "సొనే కదమ్మా, పుండైతే అవుద్ది" అని నవ్వారు. అంతలో పెళ్ళికూతురు తలంబ్రాల చీరతోనే వచ్చి శుభలేఖ చాపి సంతకం అడిగింది. చుట్టూ జనం. లోపలికెళ్ళే వీలు లేదు. "నా చెయ్యి బాలేదు తల్లీ, మా అమ్మాయి రాసిద్ది" అన్నారు.

అందరి ముందూ రాయడం అదే మొదలు. అంతకు అయిదేళ్ళ ముందు మా ఇల్లు కొన్న రోజున రేపల్లె రిజిస్ట్రార్ ఆఫీసులో ఆయన పక్కన నిలబడ్డాను. దస్తావేజు రాసేవాయన "వీర" అని రాసి, చోటు వదిలి, "రాఘవయ్య" అని రాశారు. ఆ చోటులో నాన్నగారు వేలిముద్ర వేశారు. నాన్న పేరు అలాగే రాయాలేమో అని నా చిన్నబుర్రకి నాటుకుపోయింది. అందుకే శుభలేఖ మీద కూడా చోటు వదిలాను. అబద్ధం రాస్తున్నానన్న బెదురు కూడా ఉందేమో, ఇప్పుడు చెప్పలేను.

నాన్నగారు అక్షరాలు చదవలేరు గానీ ఆ ఖాళీని చదవగలరు. నా వంక ఒక్క క్షణం చూశారు. శుభలేఖ తీసుకుని, మడతపెడుతున్నట్టుగా దాని మీద బొటనవేలు నొక్కి, పెళ్ళికూతురికిచ్చారు. కాగితం మీద ఏమీ పడలేదు. సొనకి రంగుండదు కదా. ఊరికే పట్టుకున్నారనుకున్నాను. తిరుగుబస్సులో మాత్రం, "మన సంగతి బయట అనమాకమ్మా. ఇంకెప్పుడూ చోటు వదలమాక" అన్నారు. వదల్లేదు. మిగతావాటిలో ఎక్కడా ఖాళీ ఉండదు, చూసుకోండి.

ఆరిన సొన ఏళ్ళు గడిచాకే రంగు తేలుతుంది. యాభై ఏళ్ళ తర్వాత మీ జిరాక్సులో ఆ ఖాళీలో నల్లగా అచ్చు కనపడింది. ఆ తెల్ల గీత మడత కాదండీ. సన్నాయికి ఊదే పీక చెక్కుతుంటే ఎడమ బొటనవేలు తెగిన మచ్చ. ఆయన ఆరోజు నాకు జవాబు చెప్పారని నాకిప్పుడు తెలిసింది. అప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు. ఆ కాగితం కళ్ళారా చూడాలన్న ఆశతో అడిగాను గానీ, మీ దగ్గర లాక్కుందామని కాదు.

మా ఇంటి దస్తావేజులో ఆ పేజీ జిరాక్సు జతచేస్తున్నాను. పోల్చి చూసుకోండి. దస్తావేజులు రాసేవారికి పేరు మధ్యలో చోటు ఎందుకు వదులుతారో నేను చెప్పాల్సి రావడం నాకే వింతగా ఉంది.

కమిటీకి మీరేం రాసినా నేను పడతాను. మరక మాత్రం తీయించకండి.

రాజ్యలక్ష్మి


నూజివీడు,
21 ఏప్రిల్ 2025.

రాజ్యలక్ష్మమ్మ గారికి,

నమస్కారాలు. ముందు మీరు ఎదురుచూసే మాట చెబుతాను. మరక ఉంది. రవ్వంత కూడా పోలేదు.

మీ ఉత్తరం నాకు 17న చేరింది. 16నే నేను విజయవాడ బస్సెక్కాను. ఫణి గారు కాగితం చూసి, మందు సిద్ధం చేసుకుని, "రెండ్రోజులు నా దగ్గర వదిలి వెళ్ళండి సార్, ఆరాలి కదా" అన్నారు. అంతే, నన్ను అనుమానపు పురుగు తొలిచింది. రెండ్రోజుల్లో ఇలాంటి శుభలేఖ ఇంకోటి చేసి నా చేతిలో పెడితే? ఆయన ముఖం చూస్తే మంచివాడిలాగే ఉన్నాడు. నేను చూసిన దొంగ అమ్మకందార్లందరూ మంచివాళ్ళలాగే ఉండేవాళ్ళు. సంచిలో పెట్టుకుని తెచ్చేసుకున్నాను. ఆయన చాలా నొచ్చుకున్నారు. ఈ వయసులో ఇంత అనుమానం పనికిరాదని బస్సులో నన్ను నేనే తిట్టుకున్నాను. మర్నాడు మీ ఉత్తరం చదివాక ఆ అనుమానానికే దండం పెట్టుకోవాల్సి వచ్చింది.

రెండు ముద్రలూ పక్కపక్కన పెట్టి చూశాను. సుడి ఒకటే, మచ్చ ఒకటే, మచ్చ కింద గీతలు రెండుగా చీలడం కూడా ఒకటే. కోర్టులో చెప్పమన్నా చెబుతాను. నాగేశ్వరమ్మ గారు కూడా ఆయన స్వయంగా ఇచ్చారన్నారే గానీ రాశారనలేదు, అలా అనుకున్నది నేనే.

నా సంగతే చెప్పలేకుండా ఉన్నాను. ముప్పై ఎనిమిదేళ్ళలో ఎన్నివేల పేర్లు అలా విడగొట్టి రాశానో నాకే తెలియదు. మా మండలాల్లో తోటలున్న ముసలివాళ్ళలో సగంమంది వేళ్ళు పట్టుకుని ఆ చోటులో నేనే నొక్కించాను. చాట్రాయి నుంచి వచ్చిన ఒకావిడ వేలికి సిరా అంటితే పోదేమోనని ఏడిస్తే నేనే కొబ్బరినూనెతో తుడిచాను. అలాంటివాణ్ణి, నాకు కనపడలేదు. సిరా నీలంగా లేదు కాబట్టి అది వేలిముద్ర కాకుండా పోయింది. విద్వాంసుడి పేరు కాబట్టి అది సంతకమే అయి ఉండాలనుకున్నాను. ఇంత పెద్దాయన వేలిముద్ర వేస్తాడని నా బుర్రకి తట్టలేదు, తప్పు అక్కడుంది. మీ నాన్నగారు జనం దగ్గర దేనికి భయపడ్డారో, సరిగ్గా ఆ జనంలో నేనూ ఒకణ్ణే. అందుకు సిగ్గుపడుతున్నాను.

కమిటీకి రాసిన ఉత్తరం చించేశాను. చెప్పాలో వద్దో మీ ఇష్టం, నా నోటి నుంచి రాదు. శుభలేఖ ఇందులోనే పంపుతున్నాను. సింధూర చెప్పినట్టు రెండు అట్టముక్కల మధ్య పెట్టాను. చేతులు కడుక్కుని, బాగా ఆరాక తీయండి. ఎన్నాళ్ళయినా ఉంచుకోండి.

ఒక్కటి మాత్రం అడుగుతాను. సేకరించేవాళ్ళు వింటే నన్ను తంతారు. వేలిముద్ర పడ్డ కాగితానికి పేరు రాసినవాళ్ళెవరో కింద చెప్పాలి. "దస్తూరి ఫలానా" అని రాయందే నేను ఏ దస్తావేజూ చేతిలోంచి వదల్లేదు. మీరు దొంగ కాదమ్మా, లేఖరి. ఆ కాగితం మీద యాభై ఏళ్ళుగా మీ పేరొక్కటే తక్కువైంది. మెత్తటి పెన్సిల్ పెట్టాను. రాయాలనిపిస్తేనే రాయండి.

కోతలు మొదలయ్యాయి. చిన్నరసాలు ఒక బుట్ట ట్రాన్స్‌పోర్టులో వేశాను. తొడిమలతోనే కోయించాను, చేతులు జాగ్రత్త.

ఇట్లు,
బసవపున్నారావు


రేపల్లె,
9 మే 2025.

అన్నయ్య గారికి,

నమస్కారం. శుభలేఖ తిరిగి పంపుతున్నాను. దాన్ని నాకంటే మీరే బాగా కాపాడతారు. ఎవరినీ నమ్మరు కదా.

రెండు వారాలు నా దగ్గరుంది. రోజూ ఒకసారి తీసి చూశాను. ఏడుస్తాననుకున్నాను గానీ నాకు నవ్వే వచ్చింది. అంత జనంలో, పెళ్ళికూతురి కళ్ళెదుటే, ఎవరికీ తెలియకుండా నిజం చెప్పి పంపేసిన మనిషి మా నాన్న.

కమిటీకి నేనే వెళ్ళి చెప్పాను. ఒకరిద్దరు లేచి నిలబడి, విద్వాంసుడి పరువు తీస్తావా అన్నారు. ఆయన పరువు సన్నాయిలో ఉంది, నా చేతిరాతలో లేదు అన్నాను. చాలాసేపు వాదులాడుకుని చివరికి ఒప్పుకున్నారు. పుస్తకం అట్టమీద నా అక్షరాలు తీసేసి, ఆయన వేలిముద్ర వేస్తారు. ఫొటో తీయడానికి మీరు ఒకపూట కాగితం ఇవ్వాలి. పక్కనే కూర్చుని తీయించుకోండి.

శుభలేఖ మీద కింద మీరు చెప్పిన దస్తూరి వరుస పెన్సిల్‌తో రాశాను. పదమూడేళ్ళప్పటి అక్షరం రాలేదు, ఇప్పటిదే వచ్చింది.

కాయలు అందాయి. ఒకదాని తొడిమ విరిస్తే ఇంకా సొన ఊరింది. ఈ ఉత్తరం కింద సంతకంలో ఖాళీ చూసి మళ్ళీ అనుమానపడకండి. ఇప్పుడు మీకక్కడేమీ కనపడదు. కొన్నాళ్ళు బీరువాలో ఉంచి చూడండి.

స్వదస్తూరి,

రాజ్య               లక్ష్మి